లైటు తగిలించే స్పానరు

తమ్ముడికి,

అక్క దీవించి రాస్తున్న ఉత్తరం. ఇక్కడ నేను, నాన్న, మీ బావ బాగానే ఉన్నాం. బాగానే అంటే ఎవరమూ మంచం పట్టలేదు, పొద్దున్నే షెడ్డు తలుపు తీస్తున్నాం, చీకటి పడ్డాక మూస్తున్నాం. నువ్వు, మరదలు, పాప కులాసాగా ఉన్నారని నీ ఉత్తరం వల్ల తెలిసింది. పాపకి పళ్ళు వస్తున్నాయట. ముట్టుకున్నదల్లా కొరుకుతుంటే కొరకనివ్వండి, తిట్టకండి. నీకు పళ్ళొచ్చినప్పుడు అమ్మ గాజులు కొరికేవాడివి.

జవాబు ఆలస్యమైందని ఏమీ అనుకోకు. ఇంతకుముందు రెండుసార్లు రాసి చింపేశాను. ఎందుకు చింపానో కింద రాస్తాను.

ముందు నువ్వడిగినవాటికి చెబుతాను. నాన్న కుడి కన్ను పూర్తిగా పోయింది. ఎడమ కంటికి వెలుతురుకీ చీకటికీ తేడా తెలుస్తుంది, అంతే. ఇంక చేసేదేమీ లేదని డాక్టరు చెబితే, "పోనీలెండి, నేను చూడాల్సిన కార్లన్నీ చూసేశాను" అన్నాడు నాన్న. పాత కారులోంచి ఊడదీసిన ముందు సీటు ఒకటి షెడ్డు గుమ్మం పక్కన వేశాను. పొద్దున్నే వచ్చి అందులో కూర్చుంటాడు. రోడ్డు మీద పోయే బండి చప్పుడు విని, "దానికి కుడి చక్రం రబ్బరు బుష్ అరిగింది. ఇటు తిప్పకుండా ఎలా పోతున్నాడో చూడు" అని తిడుతుంటాడు.

బండ్లు నిజంగానే ఇటు తిరగడం లేదు. పెద్ద రోడ్డు మీద కంప్యూటర్‌తో చక్రాలు సరిచేసే షాపు పెట్టాక కొత్తవన్నీ అక్కడికే పోతున్నాయి. ఆ కంప్యూటర్లో లెక్కలు లేని పాత బండ్లు మాత్రం నా దగ్గరికి వస్తాయి, మీ బావ టాక్సీ లాంటివి. నాకు పని ఉందంటే ఆ పాత బండ్ల వల్ల. అవి నాకు లొంగుతున్నాయంటే నాన్న పనిముట్ల పెట్టె వల్ల. ఈ ముక్క ముందుగానే రాస్తున్నాను, ఎందుకంటే నువ్వడిగింది ఆ పెట్టెనే.

నాన్న నీ గురించి అడుగుతాడా అని రాశావు. అడగడు. నీ ఉత్తరాలు చదివి వినిపిస్తే వింటాడు. అయిపోయాక "అంతేనా?" అంటాడు. ఇంకా ఏమైనా రాసి ఉంటావని ఆశపడి అంటాడో, ఇంత పొట్టిగా రాశావేమని విసుక్కుని అంటాడో ఇన్నేళ్ళయినా నాకు తెలియలేదు.

నా కుట్టుమిషను ఊరికే పడి ఉందా అని మరదలు అడిగింది. ఊరికేనే ఉంది. దాని సంగతి చివర్లో రాస్తాను.

ఇక పెట్టె. నువ్వు సొంతంగా షాపు పెడుతున్నందుకు సంతోషం. పాత కార్ల సరదా ఉన్నవాళ్ళు నీ దగ్గరికి వస్తున్నారనీ, కొత్త పనిముట్లు వాటికి పట్టడం లేదనీ, నాన్న పెట్టె ఉంటే నిలదొక్కుకుంటాననీ రాశావు. "ఏది దేనికో నాకు గుర్తులేదు. నాన్ననడిగి ఒక్కోదానికీ చీటీ కట్టి లారీలో వెయ్యి. లైటు తగిలించే ఆ వంకర స్పానరు మాత్రం నాకక్కర్లేదు, అది నువ్వే ఉంచుకో" అని కూడా రాశావు.

అది విని మీ బావ నవ్వాడు. "మీ తమ్ముడిది ఎంత జాలిగుండె! ఇల్లంతా ఊడ్చుకుపోతూ గోడకి మేకు ఒకటి నీకు వదిలేశాడు" అన్నాడు. నేను నవ్వలేదు. నీ మీద కోపమూ రాలేదు, అప్పటికి. ఆ స్పానరు నాకు మిగిలింది కదా, మిగతావి పట్టుకుపోతే పోనీ అనుకున్నాను. ఎందుకలా అనుకున్నానో తెలియాలంటే నువ్వు వెళ్ళిపోయిన రోజు గురించి చెప్పాలి.

ఆ రోజు నీకు గుర్తుండే ఉంటుంది. కస్టమరు చూస్తుండగా నాన్న నీ ఎడంచేతిలోంచి స్పానరు లాక్కుని కుడిచేతిలో కుక్కాడు. "ఎన్నిసార్లు చెప్పాలిరా నీకు? ఎడంచేత్తో బిగించినవాడి బండి ఎవడెక్కుతాడు?" అన్నాడు. కస్టమరు పళ్ళు ఇకిలించాడు. నువ్వు స్పానరు బెంచీ మీద పెట్టి, చేతుల గ్రీజు కూడా కడుక్కోకుండా వెళ్ళిపోయావు. బండి కింద రెండో మనిషి లేక నాన్న కొన్నాళ్ళు అవస్థపడ్డాడు. అప్పుడు నేను కుట్టుమిషను మీద మూత పెట్టేసి షెడ్డుకి వచ్చాను. పెళ్ళయిన ఆడది బండ్ల కింద దూరడమేమిటని అన్నవాళ్ళు అన్నారు. మీ బావ మాత్రం, "నా టాక్సీ ఇంట్లోనే బాగవుతుందంటే నాకేం నొప్పి" అన్నాడు.

నేను వచ్చేసరికి, బండి కింద దిగి పనిచేసే గుంత పక్కన, గోడకి ఆ స్పానరు వేలాడుతోంది. అంతకుముందు అది అక్కడ లేదు. పాత రింగు స్పానరుని కొలిమిలో కాల్చి, మెడ దగ్గర కిందికీ పక్కకీ రెండు వంపులు తిప్పి చేశాడు నాన్న. ఆయన పనిముట్లన్నీ ఆయన చేతికి తగ్గట్టు లావుగా, పొడుగ్గా ఉంటాయి. ఇది సన్నటిది. పిడి మీద బొటనవేలు ఆనడానికి ఒక గాడి కూడా అరగదీసి ఉంది.

"ఇది నాకా నాన్నా?" అని అడిగాను.

"ముందు పని నేర్చుకో" అన్నాడు.

ఆయన నోట అంతకంటే మంచి మాట ఎప్పుడు విన్నాం గనక? నాకేనని అనుకున్నాను. నా చేతులూ నీ చేతులూ ఒకే కొలతని, మనిద్దరివీ అమ్మ చేతులేనని అప్పుడు నాకు తట్టలేదు.

పని నేర్చుకున్నాను. కానీ ఆ స్పానరు మాత్రం నాకు ఎన్నడూ అమరలేదు. అది ఏ నట్టు కోసం చేశాడో చూస్తేనే తెలుస్తుంది. మీ బావ టాక్సీ లాంటి బండ్లకి, స్టీరింగు ఉన్న వైపు ముందు చక్రం వెనక ఇరుకు సందులో ఒక నట్టు ఉంటుంది కదా. చక్రం నిటారుగా నిలబడాలంటే ఆ నట్టుతోనే సర్దాలి. ఒక చేత్తో అవతలి బోల్టు కదలకుండా పట్టుకుని, రెండో చేత్తో నట్టు తిప్పాలి. నేను ఆ స్పానరు పెడితే పిడి వెళ్ళి ఛాసిస్‌కి కొట్టుకునేది. బొటనవేలి గాడి అరచేతిలో ఒరుసుకునేది. నా కోసం చేసిన పనిముట్టు నా చేతికి అమరకపోతే, లోపం నా చేతిలోనే ఉందనుకున్నాను. నాన్నతో చెప్పడానికి సిగ్గేసింది. మామూలు స్పానరు ఒకదాన్ని సగానికి కోసుకుని, చీమ నడిచినట్టు కొంచెం కొంచెంగా తిప్పుకుంటూ పని గడుపుకున్నాను.

దాన్ని వదిలేయబుద్ధి కాలేదు. గుంత అంచున ఉన్న పైపుకి తగిలించి, దానికి లైటు వేలాడదీశాను. పని చేసినంతసేపూ కళ్ళ ముందే ఉండేది. ఎప్పటికైనా నా చెయ్యి తిరుగుతుంది, అప్పుడు వాడతాను అనుకునేదాన్ని. నువ్వు వచ్చినప్పుడల్లా చూసింది, ఆ లైటు కొక్కేన్నే.

అందుకే నీ ఉత్తరం రాగానే పెట్టె పంపేయడానికి సిద్ధపడ్డాను. నాన్న చేతులారా నా కోసం ఒకటి చేశాడు, నా వాటా నాకు అందింది, మిగతాది కొడుకుది అనుకున్నాను. పెట్టె పోతే షెడ్డు మూతపడుతుందని తెలుసు. మళ్ళీ బట్టలు కుట్టుకుందామని మిషను మూత తీసి నూనె కూడా వేశాను. సూదిలో దారం ఎక్కించబోతే వేళ్ళు మొద్దుబారిపోయి ఉన్నాయి. బావ చూసి, దారం తను ఎక్కించి బయటికి వెళ్ళాడు.

ఆదివారం పెట్టెని గుమ్మంలోకి ఈడ్చి, నాన్న సీటు ముందు కింద కూర్చున్నాను. పక్కన చీటీలు, పురికొస పెట్టుకున్నాను. బావ టాక్సీ గుంత మీద ఉంది. ఆయన గుంతలో దిగి గ్రీజు పెట్టుకుంటున్నాడు.

"చెయ్యి చాపు నాన్నా. ఇదేంటో చెప్పు."

"పరీక్షా?"

"పరీక్షే. తప్పితే టీ లేదు."

మొదట రెండు కొనలున్న ఇనుప పంగ ఇచ్చాను. ముట్టుకోగానే, "బాల్ జాయింట్ విడదీసేది. దీనికి చెల్లెలు ఒకతుండాలి, ఏది?" అన్నాడు. రెండోది ఇచ్చాను. కొనల మధ్య బొటనవేలు పెట్టి సందు చూసుకున్నాడు. "ఇది స్టీరింగు రాడ్డు చివరలకి. అక్కడ పెద్దదాన్ని దూరిస్తే రబ్బరు చిరిగి చస్తుంది. అది కూడా రాయి, వాడికి తొందరెక్కువ." రాశాను.

గొట్టంలో గొట్టం దూరి, రెండు కొసలకీ ముళ్ళున్న పొడుగు కడ్డీ ఇచ్చాను. చిన్నప్పుడు నువ్వు దాన్ని పరదా కడ్డీ అని చెప్పి అమ్మకిస్తే, అమ్మ నమ్మి కిటికీకి కట్టేసింది. నాన్న దాన్ని తడిమి "పరదా" అన్నాడు. నవ్వాడేమోనని చూశాను, నవ్వలేదు. "ముందు చక్రాల మధ్య దూరం కొలిచేది. ముందు వైపు ఒకసారి, వెనక వైపు ఒకసారి. ముందు కాస్త దగ్గరగా రావాలి" అన్నాడు.

స్ప్రింగుని నొక్కిపట్టే మరలున్న కడ్డీని మాత్రం చేతిలోకి తీసుకోలేదు. కొక్కేన్ని వేలితో తాకి వదిలేశాడు. "ఒక్కడే ఉన్నప్పుడు దీన్ని పెట్టొద్దని వాడికి పెద్దక్షరాలతో రాయి. స్ప్రింగు తప్పించుకుందంటే దవడ ఉండదు" అన్నాడు. నేను దాన్ని ఒక్కదాన్నే ఎన్నిసార్లు పెట్టానో ఆయనకి తెలుసు. నాకు ఆ మాట ఏనాడూ చెప్పలేదు. అయినా పెద్దక్షరాలతోనే రాశాను.

ఒకటి రెండు చోట్ల తప్పాడు. బుష్ లోపలికి కొట్టే ఇనుప దిమ్మని పట్టుకుని బేరింగు ఊడదీసేదన్నాడు. చక్రం కింద వేసే తిరుగుడు పళ్ళేన్ని బ్రేకు డ్రమ్ము మూత అన్నాడు. నేను దిద్దలేదు, చీటీ మీద సరైనది రాసుకున్నాను. బావ ఊరుకోడు కదా. గుంతలోంచి తల పైకెత్తి, "అది పళ్ళెం మామయ్యా. కావాలంటే అందులో అన్నం పెట్టుకోవచ్చు" అన్నాడు.

"నువ్వు నోరు మూసుకుని నీ డొక్కు బండి సంగతి చూసుకో అల్లుడూ" అన్నాడు నాన్న.

పెట్టె ఖాళీ అయింది. అప్పుడు నేను లేచి, లైటు పక్కన పెట్టి, ఆ వంకర స్పానరు తెచ్చి నాన్న చేతిలో పెట్టాను. చీటీ కోసం కాదు. ఇది అమ్మాయిది అని ఆయన నోట ఒక్కసారి విందామని.

కుడిచేత్తో తీసుకున్నాడు. తీసుకున్నవాడు ఎడంచేతిలోకి మార్చాడు. బొటనవేలు నేరుగా వెళ్ళి గాడిలో కూర్చుంది. మెడ మీది రెండు వంపులూ తడిమాడు.

"ఇది ఇంకా ఉందా?" అన్నాడు.

"ఉండక ఎక్కడికి పోతుంది? లైటు దానికే కదా తగిలిస్తాను."

"వాడిది ఇది. వాడి ఎడంచేతికని చేశా. కోపం తగ్గాక వస్తాడు కదా, చేతిలో పెడదామనుకున్నా. చుట్టపుచూపుగా తప్ప పనిలోకి వచ్చాడా?"

గుంతలో బావ గ్రీజు డబ్బా కింద పెట్టాడు.

"మరి నాకెందుకు చెప్పలేదు?" అన్నాను.

"నువ్వెప్పుడడిగావు?"

"వచ్చిన రోజే అడిగాను."

"ఏమో, గుర్తులేదు. లైటు తగిలించుకుంటున్నావు కదా, దేనికో దానికి పనికొస్తోందిలే అనుకున్నా."

"అది పట్టక నేను తంటాలు పడుతుంటే చూడలేదా నాన్నా? అప్పుడు నీకు కళ్ళున్నాయి."

"చూశా. నీది కుడిచెయ్యి, నీకెందుకు పడుతుందే అది?" అన్నాడు. ఆయన గొంతులో తప్పు చేసినవాడి జంకు లేదు. ఇంత చిన్న విషయం కూడా తెలియదా అన్నట్టు చెప్పాడు.

ఇందాక రెండు తప్పులు చెప్పాడు కదా, ఇదీ తప్పే అయితే బాగుండనుకున్నాను. స్పానరు తీసుకుని గుంతలోకి దిగి, బావని పైకి పొమ్మన్నాను. ఎప్పుడూ ఎడంచేత్తో పట్టుకునే బోల్టుని కుడిచేత్తో పట్టుకున్నాను. ఎడంచేత్తో స్పానరు లోపలికి పోనిచ్చాను. వెతుక్కోకుండా వెళ్ళి నట్టు మీద కూర్చుంది. పిడి ఛాసిస్‌ని తాకకుండా పక్కనుంచి వంగి బయటికి వచ్చింది. నా ఎడంచేతికి బలం లేదు, అయినా నట్టు ఒక్క పట్టులో కదిలింది. ఇన్నేళ్ళూ నా చేతిని నేను తిట్టుకున్నాను. దాని తప్పేమీ లేదు.

"ఏమైంది? పట్టిందా?" అన్నాడు బావ పైనుంచి.

"పట్టింది" అన్నాను.

నాన్న నీకేమీ ఇవ్వలేదని ప్రతి ఉత్తరంలోనూ రాస్తావు. ఇచ్చాడు. అందరి ముందూ నీ ఎడంచేతిని తిట్టి, ఎవరూ లేనప్పుడు కొలిమి ముందు కూర్చుని ఆ చేతికే పనిముట్టు చేశాడు. పని చేసిన నా చేతికి ఏమీ చేయలేదు. ఈ సంగతి నీకు చెప్పకుండా ఉండిపోదామనే మొదట అనుకున్నాను. చెప్పకపోతే నీకు తెలిసే దారి లేదు. రెండు ఉత్తరాలూ ఇది లేకుండా రాశాను, చదువుకుంటే రెండూ దొంగ ఉత్తరాల్లా ఉన్నాయి, చింపేశాను. ఇప్పుడు కూడా నీ మీద ప్రేమతో చెబుతున్నానని అనుకోకు. నాకు తెలిసింది, నీకూ తెలియాలి. నేనొక్కదాన్నే ఎందుకు మొయ్యాలి?

అసలు రాయాల్సింది ఇంకొకటి ఉంది. ఇక్కడిదాకా వచ్చి కలం పక్కన పెట్టి, లేచి, నీళ్ళు తాగి వచ్చాను.

ఆ స్పానరుని కోసేశాను. మర్నాడు పొద్దున్నే షెడ్డు తీయగానే బెంచీ మీది వైసులో బిగించి, మెడ దగ్గర రంపం పెట్టాను. నాన్న మంచి ఇనుము కాల్చాడు, ఒక పట్టాన తెగలేదు, రెండు బ్లేడ్లు విరిగాయి. తెగాక తలని తిరగేసి, మళ్ళీ వెల్డింగు పెట్టాను. ఇప్పుడది కుడిచేతి స్పానరు. బొటనవేలికి రెండో వైపు కొత్త గాడి అరగదీసుకున్నాను. పాత గాడి అలాగే ఉంది. పట్టుకున్నప్పుడల్లా వేళ్ళ కింద తగులుతుంది. దాంతోనే బావ టాక్సీ చక్రం సర్దాను. బండి రోడ్డు మీద చెయ్యి వదిలినా పక్కకి లాగడం లేదట.

నాన్నకి చప్పుడు వినపడింది. "ఏం కోస్తున్నావు?" అని అడిగితే రంపం ఆపకుండా కోశాను. వెల్డింగు చల్లారాక ఆయనే చెయ్యి చాపాడు. ఇచ్చాను. మెడ మీద అతుకుని గోటితో గీరి చూశాడు.

"చెయ్యి తిన్నగా నడవలేదు. అతుకు ఎగుడుదిగుడుగా ఉంది."

"రుద్దుతాలే."

"వాడి చేతికి ఇంక పట్టదు."

"పట్టదు."

"వాడొస్తే?"

"తనకక్కర్లేదని రాశాడు. నీకు చదివి వినిపించాను కదా."

స్పానరు ఒళ్ళో పెట్టుకున్నాడు. పనిముట్టు కావాలి ఇమ్మని నేను రెండుసార్లు అడిగాక ఇచ్చాడు. ఆ రోజు రోడ్డు మీద ఏ బండినీ తిట్టలేదు.

కట్టిన చీటీలన్నీ విప్పేసి పెట్టె మళ్ళీ సర్దేశాను. పంపడం లేదు. ఆ ఒక్కటీ నాదనుకున్నంతకాలం మిగతావన్నీ నీవని ఇచ్చెయ్యగలిగాను. నాదంటూ ఒక్కటి కూడా లేదని తెలిశాక ఇవ్వడం నా వల్ల కాలేదు. నువ్వు కొడుకువి, అడిగే హక్కు ఉందంటావు. అడగాలంటే ఉత్తరంలో కాదు, వచ్చి నాన్న సీటు ముందు కూర్చుని అడుగు. ఆయన ఇమ్మంటే ఆయన ముందే నేను ఇవ్వనని చెబుతాను. ఈ మాట ఆయనకీ చెప్పాను. "అంతేనా?" అన్నాడు.

నీ షాపుకి పనిముట్లు లేవని కూర్చోకు. నీ చేతిలో పనితనముంది, నాకంటే ఎక్కువే ఉంది. ఈ మాట నాన్న అనేవాడు, నీ ఎదుట తప్ప. నీకు ఏ వంపు కావాలో ఇప్పుడు నీకు తెలిసింది కాబట్టి కాల్చి చేసుకో.

లారీ మాట్లాడాను కాబట్టి ఖాళీగా పంపడం లేదు. మరదలికి నా కుట్టుమిషను వేశాను. నూనె వేసే ఉంది, సూదిలో దారం కూడా బావ ఎక్కించిందే. నాకింక దాంతో పని లేదు. బరువుగా ఉంటుంది, దించేటప్పుడు ఇద్దరు పట్టుకోండి.

పాపకి నా ముద్దులు. ఆ వంకర స్పానరు నువ్వే ఉంచుకో అన్నావు. ఉంచుకున్నాను. లైటుకి గోడకి వేరే మేకు కొట్టుకున్నాను.

ఇట్లు,
నీ అక్క